నడి పొద్దు చార్జింగ్: గొర్రెల మంద వెంట సోలార్ పవర్ బ్యాంకు

సంక్రాంతి వెళ్లాక

మా మేనమామది మక్తల్ దగ్గర ఊరు. వానాకాలం పంటలు ఇంటికి చేరాక గొర్రెల మందను తోలుకుని జూరాల ఆయకట్టు వైపు వెళ్తాడు. మళ్లీ వానలు పడేదాకా ఇంటి ముఖం చూడడు. కంది కోసిన చేలు, వేరుశెనగ తీసిన చేలు మేపుకుంటూ పోతాడు. ఎవరు పిలిస్తే వాళ్ల పొలంలో రాత్రికి మంద కడతాడు. ఎరువు పడినందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. ఒకప్పుడు ఈ బేరాలు రచ్చబండ దగ్గర కుదిరేవి, ఇప్పుడు అన్నీ ఫోన్లోనే. ఫోను ఆరిపోయిందంటే ఆ రాత్రి మంద ఎక్కడ కట్టాలో తేలదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నారు కదా, ఏ పంపుసెట్టు దగ్గరైనా చార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. స్టార్టరు పెట్టెలో ప్లగ్గు బిగించుకున్న రైతులు కొందరే. ఉన్నచోట కూడా ఫోను అక్కడ వదిలి మంద వెంట పోతే సాయంత్రం దానికోసం అంత దూరం వెనక్కి నడవాలి. ఇక సామాను, నడవలేని గొర్రెపిల్లలను మోసే మోపెడ్ ఒకటి మంద వెంట ఉంటుంది. దాని ఇంజను రోజుకు ఓ అరగంట తిరిగితే గొప్ప, దాని మీద ఆధారపడి ఫోను నింపుకోలేం.

పండక్కి వెళ్లినప్పుడు మామ సంచిలోంచి ఒక పవర్ బ్యాంకు తీసి నా చేతిలో పెట్టాడు. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించాడట. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, వీపు మీద అరచేతిలో ఇమిడే సోలార్ ప్యానెల్, పక్కన 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటలు, బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే కొలత) అని పెద్ద అక్షరాలు.

"ఎండలో పెడితే దానంతట అదే నిండుతుందని చెప్పాడు. రోజంతా గొంగడి మీద పరిచి పెట్టాను అల్లుడా, ఒక్క చుక్క కూడా పెరగలేదు" అన్నాడు. చుక్క అంటే చార్జింగ్ ఎంత ఉందో చూపే నాలుగు చిన్న దీపాల్లో ఒకటి.

దాన్ని హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఈ డైరీ దాని గురించే. వేసవిలోపు మామకు పనికొచ్చే సరంజామా ఒకటి తయారు కావాలి.

జనవరి చివర

పెట్టె విప్పాను. ప్యానెల్ తీగలు వేరు చేసి మధ్యాహ్నం ఎండలో మల్టీమీటరుతో కొలిస్తే 5 వోల్టుల చిల్లర, 0.24 ఆంపియర్లు. అంటే సుమారు 1.2 వాట్లు. ఎండ నిటారుగా పడుతున్నప్పటి మాట ఇది.

లోపలి బ్యాటరీ సెల్లుల వోల్టేజి 3.7. 20,000 ఎంఏహెచ్‌ను, అంటే 20 ఆంపియర్-గంటలను దానితో గుణిస్తే 74 వాట్-గంటలు (ఒక వాటు చొప్పున గంటసేపు అందే శక్తి ఒక వాట్-గంట). 1.2 వాట్ల ప్యానెల్‌తో అది నిండాలంటే 60 గంటలకు పైగా నిండు ఎండ కావాలి. మన దగ్గర ఏడాది సగటున రోజుకు 5 నుంచి 6 గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు వస్తుంది. నష్టాలేవీ లెక్కేయకపోయినా పదకొండు పన్నెండు రోజులు. నష్టాలు కలిపితే రెండు వారాలు దాటుతుంది. మామ ఒక్క రోజు చూసి చుక్క పెరగలేదన్నాడంటే యంత్రం చెడిపోలేదు, లెక్క ప్రకారమే నడిచింది.

దీనిలో ఇంకో చమత్కారం ఉంది. ప్యానెల్ మీద కాస్త వెలుతురు పడితే చాలు, "చార్జింగ్" అని ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. మా గదిలో ట్యూబులైటు కిందా వెలిగింది! దీపం వెలిగింది కాబట్టి నిండుతోందని ఎవరైనా అనుకుంటారు. ఎంత కరెంటు వస్తోందో ఆ దీపం చెప్పదు.

అసలు చిక్కు వేరు. వేడి కొలిచే థర్మోకపుల్ తీగను పెట్టె లోపలి సెల్లుకు ఆనించి గంటసేపు మేడ మీద ఎండలో పెట్టాను. జనవరి ఎండకే 50 డిగ్రీలు దాటింది. లిథియం అయాన్ సెల్లులను సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే చార్జ్ చేయాలి. అంతకు మించిన వేడిలో పదేపదే చార్జ్ చేస్తే సెల్లు ఆయుష్షు పడిపోతుంది, ఉబ్బే ప్రమాదమూ ఉంది. ప్యానెల్‌కు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఆ రెంటినీ వీపుకు వీపు అతికించి అమ్మడం నాకు మింగుడుపడలేదు.

పవర్ బ్యాంకు మట్టుకు మంచిదే. గోడ ప్లగ్గుతో నింపి, వోల్టులు, ఆంపియర్లు చూపే యూఎస్‌బీ మీటరు మధ్యలో పెట్టి ఖాళీ చేస్తే 5 వోల్టుల దగ్గర 12,000 ఎంఏహెచ్ దాకా ఇచ్చింది. పెట్టె అడుగున సన్న అక్షరాల్లో రాసిన రేటెడ్ కెపాసిటీ (నిజంగా బయటికిచ్చే లెక్క) కూడా అంతే. 3.7 వోల్టులను 5కు పెంచడంలో, ఆ మార్పిడి నష్టాల్లో మిగతాది పోతుంది. కొనేవాళ్లు పెద్ద అక్షరాలను వదిలేసి ఈ సన్న అక్షరాలు, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య చూసుకోవాలి.

కాబట్టి బ్యాంకు ఉంటుంది, వీపు మీది ప్యానెల్ పోతుంది. వేరే ప్యానెల్ కావాలి.

రథసప్తమి రోజుల్లో

కొనేముందు మామ దగ్గర రోజుకు ఎంత ఖర్చవుతుందో లెక్క తీశాను. 5,000 ఎంఏహెచ్ స్మార్ట్‌ఫోను ఒకటి. నిండా పట్టే శక్తి 19 వాట్-గంటలు. మామ వాడకానికి రోజుకు సగం. బటన్ల ఫోను ఒకటి, దానికి మూడు రోజులకోసారి 4 వాట్-గంటలు. తలకు కట్టుకునే టార్చి లైటు ఒకటి. కుక్కలు, నక్కలు మంద చుట్టూ తిరుగుతాయి కాబట్టి రాత్రి దాన్ని ఆర్పి ఆర్పి వెలిగిస్తూనే ఉండాలి. దాంట్లో ఒకే సెల్లు, రోజు విడిచి రోజు 8 వాట్-గంటలు. అన్నీ కలిపితే రోజుకు 15 నుంచి 18.

ఆ 18 బయటికి రావాలంటే బ్యాంకులోకి ఓ 25 వెళ్లాలి. లోపలికి వెళ్లేటప్పుడు కొంత, బయటికి వచ్చేటప్పుడు కొంత పోతుంది.

ఎండలో ఎన్ని గంటలు దొరుకుతాయి? నేను పొద్దున్నించి సాయంత్రం దాకా అనుకున్నాను. మామకు ఫోను చేసి అడిగితే నవ్వాడు. పొద్దున మంద కదిలాక ఎక్కడా ఆగదు, మేత దొరికిన దిక్కుకు నడుస్తూనే ఉంటుంది. ప్యానెల్‌ను వీపుకు కట్టుకుంటే అది ఒకసారి తూర్పుకు, ఒకసారి ఉత్తరానికి తిరుగుతుంది. సూర్యుడికి 60 డిగ్రీలు పక్కకు తిరిగితే వచ్చేది సగమే.

"నడి పొద్దుకు మాత్రం గొర్రె అడుగు వేయదు. చెట్టు కింద తలలన్నీ ఒకదాని కింద ఒకటి దూర్చి నిలబడతాయి. నీళ్లు తాగించాక ఓ మూడు గంటలు అక్కడే" అన్నాడు.

ఇంకేం కావాలి? రోజులో ఎండ బలంగా ఉండే మూడు గంటలూ మంద కదలదు. పక్కనే చెట్టు నీడ తప్పకుండా ఉంటుంది. ప్యానెల్ ఎండలో, బ్యాంకు నీడలో, మనిషి ఆ పక్కనే. ఈ పని కోసం ప్రత్యేకంగా ఎక్కడా ఆగనక్కరలేదు. మూడు గంటల్లో 25 వాట్-గంటలంటే 8 నుంచి 10 వాట్లు నిలకడగా రావాలి.

ఆ తర్వాతి ఆదివారం, కోఠీ గుజరాతీ గల్లీ

10 వాట్ల ప్యానెల్ చాలదు. ప్యానెల్ మీద రాసే వాట్లు ప్రయోగశాల లెక్క: చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు, సెల్లు వేడి 25 డిగ్రీలు. మన ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలకు ఎక్కుతుంది. 25 దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ ఇచ్చే శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. దానికి దుమ్ము, కోణం తేడా కలుస్తాయి. నాలుగింట మూడు వంతులు వస్తే సంతోషించాలి. అందుకని 20 వాట్లది తీసుకున్నాను. అల్యూమినియం చట్రం, పైన గాజు, రెండు కిలోలు. వెనక స్టిక్కరు మీద పనిచేసే వోల్టేజి 17.5, ఏమీ తగిలించనప్పుడు 21.6.

బట్ట మీద కుట్టిన మడత ప్యానెల్ కూడా ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి చూశాను. బరువులో సగం, ధరలో రెట్టింపుకు పైగా. మడతలు సరిగా సాగదీయకపోతే ఒక ముక్క ఎండలో, ఒక ముక్క వాలులో పడుతుంది. కొండలెక్కేవాళ్లకు అదే మంచిది. మోపెడ్ ఉన్న మామకు గాజుదే నయం, తడిబట్టతో తుడిస్తే చాలు.

21 వోల్టులను తిన్నగా పవర్ బ్యాంకుకు ఇస్తే అది అక్కడే కాలిపోతుంది. మధ్యలో 5కు దించే సర్క్యూట్ ఉండాలి. బక్ కన్వర్టరు అనే, వోల్టేజి దించే చిన్న బోర్డు కొని, దాని స్క్రూ తిప్పుతూ 5.1 వోల్టులకు నిలిపి, డబ్బాలో బిగించవచ్చు. నాకు అది సులువే కానీ, పొలాల మధ్య ఆ స్క్రూ కాస్త కదిలితే మామ ఏం చేస్తాడు? అందుకే కార్లలో వాడే ఫోను చార్జరు ఎంచుకున్నాను. లారీలకూ పనికొచ్చేలా 12 నుంచి 24 వోల్టుల దాకా తీసుకుంటుందని రాసి ఉన్నది చూసి కొన్నాను. పాడైతే ఏ పెట్రోలు బంకు పక్కన దుకాణంలోనైనా దొరుకుతుంది.

చార్జరు విషయంలో ఒక జాగ్రత్త. ఫాస్ట్ చార్జింగ్ అని రాసినవి వద్దు. అవి బ్యాంకుతో మాట్లాడుకుని 9 వోల్టులకు, 18 వాట్లకు ఎగబాకుతాయి. ప్యానెల్ అంత ఇవ్వలేక వోల్టేజి కూలిపోతుంది, చార్జరు ఆగి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ కూలుతుంది. మామూలు 5 వోల్టులు, 2.4 ఆంపియర్ల చార్జరు చాలు.

తీగ సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. ప్యానెల్ నుంచి చెట్టు నీడకు 5 మీటర్ల తీగ కావాలి. చార్జరును ప్యానెల్ దగ్గర పెట్టి 5 వోల్టులను అంత దూరం పంపడమా, ప్యానెల్ వోల్టేజినే పంపి బ్యాంకు పక్కన దించడమా? 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రానూ పోనూ 10 మీటర్లకు నిరోధం 0.23 ఓమ్‌లు. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పంపితే దారిలో దాదాపు అర వోల్టు పోతుంది. 4.5 వోల్టులు చూసి బ్యాంకు మొండికేస్తుంది. అదే శక్తిని 17 వోల్టుల దగ్గర పంపితే 0.65 ఆంపియర్లే, పోయేది 0.15 వోల్టు. కాబట్టి పొడవు తీగ ప్యానెల్ వైపు, చార్జరు బ్యాంకు పక్కన.

శివరాత్రి ముందు, మంద దగ్గర

మందను ఒక వేప చెట్టు కింద పట్టుకున్నాను. మామ చెప్పినట్టే, ఒక్క గొర్రె కూడా కదలడం లేదు. ఒకదాని పొట్ట నీడలో ఇంకొకటి తల పెట్టి, ముక్కులు నేలకు ఆనించి రొప్పుతున్నాయి.

ప్యానెల్ చట్రం మూలలో చిటికెన వేలంత బోల్టు నిటారుగా బిగించి తెచ్చాను. దాని నీడ ప్యానెల్ మీద పడుతుంది. ప్యానెల్‌ను అటూ ఇటూ వంచుతూ ఆ నీడ పూర్తిగా బోల్టు కిందికి దాక్కునేలా చేస్తే ప్యానెల్ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నట్టు. కోణాలు, డిగ్రీలు ఏవీ చెప్పనక్కరలేదు. ఈ రోజుల్లో మక్తల్ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి 28 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. మామ ఉత్తరం అంచు కింద ఒక రాయి పెట్టి, చాలదని దాని మీద ఇంకో రాయి పెట్టాడు. నీడ మాయమైంది. మీటరులో 5.06 వోల్టులు, 1.92 ఆంపియర్లు. పది వాట్లకు దగ్గర.

అప్పుడే వేప కొమ్మ ఒకటి గాలికి ఊగి, పుల్ల నీడ ప్యానెల్ మీద అడ్డంగా పడింది. మీటరు టక్కున ఆరిపోయింది. నీడ జరగగానే వెలిగింది, పడగానే మళ్లీ ఆరింది. మామ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇంత పలక మీద అంత సన్నటి నీడ పడితే మొత్తం ఆగిపోతుందా?" అని అడిగాడు. లోపల ముప్పై ఆరు సెల్లులు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉన్నాయని, ఒకటి కరెంటును అడ్డుకుంటే వెనకవన్నీ ఆగుతాయని చెప్పాను. "ఇరుకు బాటలో ముందు గొర్రె నిలబడిపోతే మందంతా నిలబడదా, అంతే కదా" అని ప్యానెల్‌ను చెట్టుకు మరో నాలుగడుగులు దూరం జరిపాడు. నా వివరణ కన్నా అదే సూటిగా ఉంది.

బ్యాంకును నేను గొంగడిలో చుట్టబోతే వద్దన్నాడు. ఉన్ని వేడిని బయటికి పోనివ్వదు, నిండుతున్న బ్యాటరీ కూడా కొంత వేడెక్కుతుంది కాబట్టి ఆ మాట నిజమే. వలసంచిలో వేసి కొమ్మకు వేలాడదీశాడు. నీడలో, గాలిలో థర్మోకపుల్ 36 డిగ్రీలు దాటలేదు.

మర్నాడు పొద్దున

ఏడున్నరకు బయలుదేరేముందు ఓ అరగంట ప్యానెల్ పెట్టి చూశాం. మీటరు వెలగడం, ఆరడం. బ్యాంకు పది వాట్లు అడుగుతుంది, పొద్దుటి ఎండలో ప్యానెల్ దగ్గర అంత ఉండదు, వోల్టేజి కూలుతుంది. కొన్ని బ్యాంకులు వోల్టేజి తగ్గడం గమనించి తమ ఆకలి తగ్గించుకుంటాయి, ఇది అలాంటిది కాదు. ఇలా గంటల తరబడి ఆగుతూ మొదలవుతూ ఉండటం దానికీ మంచిది కాదు.

మామకు ఒక గుర్తు కావాలి. గడియారం చెబితే నెల నెలకూ మారుతుంది. కాపరులు నీడ చూసి పొద్దు చెబుతారు కాబట్టి దాన్నే పట్టుకున్నాం: నిలబడితే మన నీడ మన పొడవు కన్నా తగ్గాకే ప్యానెల్ తీయాలి, నీడ మళ్లీ మన పొడవు దాటితే సర్దేయాలి. నీడ, పొడవు సమానమంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. ఈ రోజుల్లో అది పది గంటల ప్రాంతం. ఏ నెలకైనా పనికొస్తుంది.

ఉగాది దగ్గరపడుతోంది

మామ ఫోను చేశాడు. ఫోనులో చార్జింగ్ ఉంది కాబట్టే చేశాడు, అది మంచి వార్తే. కానీ రెండు ఫిర్యాదులు.

మొదటిది, ఒక మేక తీగను కొరికింది. మందలో గొర్రెల వెంట నాలుగైదు మేకలు ఉంటాయి, అవి నమలని వస్తువు లేదు. అతుకు వేసి టేపు చుట్టుకున్నాడట. ఈసారి వెళ్లేటప్పుడు తోటకు నీళ్లు కట్టే సన్న డ్రిప్ పైపులోంచి తీగ దూర్చి ఇస్తాను. ఆ పైపు ఎండకూ తట్టుకుంటుంది, మేక పంటికీ కొంత అడ్డం.

రెండోది ఆసక్తికరమైనది. స్మార్ట్‌ఫోను చక్కగా నిండుతోంది. బటన్ల ఫోను మాత్రం సగం కాగానే ఆగిపోతోంది, బ్యాంకు తనంతట తాను ఆరిపోతోంది. ఇది బ్యాంకుల స్వభావం. తీసుకునే కరెంటు మరీ తక్కువైతే, చాలావాటిలో 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్ల లోపు వస్తే, ఫోను తీసేశారనుకుని ఆపేస్తాయి. చిన్న ఫోను నిండుతున్నకొద్దీ తీసుకునేది తగ్గుతుంది. కొన్ని బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పద్ధతిలోకి మారుతుంది, మామ దానికి ఆ సదుపాయం లేదు. దారి ఏమిటంటే, బ్యాంకుకు రెండు సాకెట్లు ఉన్నాయి కాబట్టి ఒకదానికి తల టార్చి, రెండోదానికి బటన్ల ఫోను కలిపి పెట్టడం. టార్చి లాగే కరెంటు వల్ల బ్యాంకు మేలుకుని ఉంటుంది. చెప్పాను, పనిచేస్తోంది.

ఫోన్లను తిన్నగా ప్యానెల్ చార్జరుకు పెట్టవచ్చా అని కూడా అడిగాడు. పెట్టవచ్చు, కానీ మబ్బు పట్టి తేరుకున్న ప్రతిసారీ ఫోను ఆగి మొదలవుతుంది. కొన్ని ఫోన్లు ఒకసారి తక్కువ కరెంటుకు దిగాక మళ్లీ పైకి రావు. పగలు బ్యాంకు నిండాలి, రాత్రి బ్యాంకు ఫోన్లను నింపాలి.

మే నెల, కత్తెర ఎండలు

ప్యానెల్‌ను వంచడానికి ఇప్పుడు రాళ్లు అక్కరలేదు. మే మొదటి, రెండో వారాల్లో ఈ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ప్యానెల్‌ను నేల మీద వెల్లకిలా పరిస్తే బోల్టు నీడ కనబడదు. అయితే నేలకు ఆనించకూడదు, కింద గాలి ఆడకపోతే మరింత కాగుతుంది. నాలుగు మూలలా జానెడు ఎత్తు రాళ్లు పెట్టమన్నాను.

గాజు మీద చేయి పెట్టలేకపోయాను. కొలిస్తే 68 డిగ్రీలు. అంటే ఇరవై వాట్లలో వేడికే మూడు వాట్లకు పైగా పోయాయి. అయినా మీటరు 1.9 దగ్గరే ఉంది, ఎందుకంటే బ్యాంకు తీసుకునేది పది వాట్లే. పెద్ద ప్యానెల్ వల్ల లాభం మంచి ఎండలో కనబడదు. దుమ్ము పట్టినప్పుడు, వేడెక్కినప్పుడు, పల్చటి మబ్బు కమ్మినప్పుడు కనబడుతుంది. 10 వాట్లది కొని ఉంటే ఈ నెలంతా మీటరు వెలగడం, ఆరడమే చూసేవాళ్లం.

నాకు బెంగ ఉన్నది బ్యాంకు గురించి. నీడలోనే గాలి 42, 43 డిగ్రీలు. వలసంచిలో వేలాడుతున్నా సెల్లు 47కు చేరింది. తడి గోనె చుట్టొచ్చు కానీ చార్జరు, సాకెట్లు ఉన్నచోట నీళ్లు నాకు నచ్చవు. మామే ఒక ఏర్పాటు చేశాడు: నీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో చిన్న స్టీలు టిఫిన్ డబ్బా పూడ్చి, బ్యాంకును మూత లేకుండా అందులో నిలబెట్టాడు. తీగ పైనుంచి వస్తుంది, తడి లోపలికి రాదు. గంట తర్వాత చూస్తే 39. కత్తెర వెళ్లేదాకా ఇదే పద్ధతి. అలా కుదరని రోజు అసలు పెట్టకుండా వదిలేయమన్నాను. మూడు రోజులు అసలు పెట్టకపోయినా నిండిన బ్యాంకు నెట్టుకొస్తుంది.

ప్రస్తుతం

మొత్తం సరంజామాకు బ్యాంకు కాకుండా రెండు వేల రూపాయల లోపే అయింది, అందులో సగానికి పైగా ప్యానెల్‌దే. వానలు మొదలయ్యేలోపు తీగ చివర ఉన్న కార్ సాకెట్‌ను మార్చాలి. అది తడిసి, మట్టి పట్టి వదులైపోతోంది. బిగించి తిప్పే నీటి రక్షణ కనెక్టరు చూసి పెట్టాను. ప్యానెల్ వెనక తీగలు కలిసే పెట్టెలోకి నీళ్లు దూరకుండా సిలికోన్ జిగురు పూయాలి. మోపెడ్ మీద మోసేటప్పుడు గాజుకు రాయి తగలకుండా పాత సైకిల్ ట్యూబు అంచులకు కట్టాడు మామ, అది బాగానే ఉంది.

పక్క మంద కాపరి ఒకాయన తనకూ ఒకటి చేసి పెట్టమని కబురు పంపాడు. ఆయన దగ్గర మోపెడ్ లేదు, సామానంతా భుజాన మోస్తాడు. ఆయనకు రెండు కిలోల గాజు పలక కుదరదు. ఆ మడత ప్యానెల్‌ను మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. దాని యూఎస్‌బీ సాకెట్ ప్యానెల్‌కే అతికి ఉంది కాబట్టి పొడవు తీగ చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. విప్పి, సాకెట్‌కు ముందే తీగలు బయటికి తీయగలనేమో ఈ ఆదివారం చూస్తాను.